సలహాలాయన అడిగిన మాట

బూట్లు వేసుకున్నాడు, మెడలో బ్యాంకు వాళ్ళిచ్చిన గుర్తింపు కార్డు తగిలించుకున్నాడు, సంచీ భుజానికెత్తుకున్నాడు... అంతా అయ్యాక గుమ్మం పక్కనున్న కుర్చీలో కూలబడి, "నేనీ పూట వెళ్ళను" అన్నాడు ఆమె భర్త. తెచ్చిన టీ కప్పు ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఉద్యోగం ఖాయమో కాదో తేలే గడువు ఈ నెలాఖరుతో సరి! ఇప్పటిదాకా ఒక్కరి చేత కూడా ఖాతా తెరిపించలేదు. ఇలాంటప్పుడు వెళ్ళనని కూర్చుంటే ఈ సంసారం ఏమైపోవాలి?

"ఒంట్లో బాగాలేదా అండీ?"

"ఒంటికేం, దుక్కలా ఉంది. ఈ వారం మేనేజరు నాకే వీధి ఇచ్చాడో తెలుసా? మీ అన్నయ్య పరుపుల షాపున్న వీధి."

ఆమె గుండెలో రాయి పడింది.

భర్త ఏళ్ళ తరబడి ఒక పెద్ద కన్సల్టింగ్ సంస్థలో పనిచేశాడు. బ్యాంకులకి సలహాలివ్వడం అతని వృత్తి. ఎవరికి ఏం అమ్మాలి, ఎలా అమ్మాలి, అమ్మలేని ఉద్యోగిని ఏం చెయ్యాలి... అన్నీ తెర మీద రంగురంగుల బొమ్మలేసి చెప్పేవాడు. చెప్పేసి విమానమెక్కి ఇంటికొచ్చేవాడు. అమ్మే అవస్థ విన్నవాళ్ళది! చుట్టాలందరూ అతనికి 'సలహాలాయన' అని పేరు పెట్టారు. ఆ సంస్థ మనుషుల్ని తగ్గించుకున్నప్పుడు సలహాలాయన కూడా తగ్గినవాళ్ళలో చేరాడు. నెలల తరబడి ఇంట్లో గోళ్ళు గిల్లుకున్నాక, ఒకప్పుడు అతని సలహాలు విన్న బ్యాంకే పిలిచి అమ్మకాల్లో అట్టడుగు మెట్టు మీద ఉద్యోగమిచ్చింది. వీధులు తిరగాలి, షాపుల వాళ్ళని బతిమాలి ఖాతాలు తెరిపించాలి. కొత్తగా చేరినవాడు గడువులోగా ఖాతాలు తేలేకపోతే ఇంటికి పంపెయ్యాలని ఆ బ్యాంకులో ఒక నియమం ఉంది. ఆ నియమం పెట్టమన్నది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఈ మహానుభావుడే! చేరిన రోజు ఆ సంగతి భార్యకి చెప్పి పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి, ఆ తర్వాత తువ్వాలుతో చాలాసేపు మొహం తుడుచుకున్నాడు. ఆమె ఆ రోజు నుంచీ సరిగ్గా అన్నం తినలేదు.

రోజూ పొద్దున్నే భోజనాల బల్ల దగ్గర ఖాతా అడిగే సాధన జరిగేది. అందులో ఆమెది షాపు యజమానురాలి వేషం, అత్తగారిది కస్సుబుస్సులాడే ఖాతాదారు వేషం. అతను ఎంత బాగా చెప్పేవాడని! వింటూంటే ఆమెకే ఖాతా తెరవాలనిపించేది. కానీ చివరికొచ్చేసరికి గొంతు పట్టేసేది. "తెరుస్తారా?" అన్న ఒక్క మాట నోట రాదు. "లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి... మీరే ఆలోచించుకోండి" అని లేచిపోయేవాడు.

"ఆలోచించుకోమంటే ఎవడైనా వద్దనే ఆలోచిస్తాడురా!" అని అత్తగారు బల్ల మీద చరిచేది. "చిన్నప్పుడూ ఇంతే. ఆకలేసినా అడిగేవాడు కాదు, వంటింట్లోకొచ్చి నా గిన్నెలు సరిగ్గా సర్దలేదని చెప్పేవాడు!"

ఇక పరుపుల షాపు గొడవంటారా... అన్నయ్య షాపు పెడదామనుకున్న రోజుల్లో, "ఏమంటారు బావగారూ?" అని మాటవరసకి అడిగాడు. పెద్దవాళ్ళూ, భాగస్వామిగా చేరతానన్న స్నేహితుడూ అందరూ హాల్లో ఉన్నారు. బాగుందని ఒక్క మాటంటే సరిపోయేది! సలహాలాయన వారం రోజులు లెక్కలు కట్టుకొచ్చి, గోడ మీద బొమ్మలేసి, ఆ షాపు ఎందుకు మూతపడుతుందో అందరి ముందూ చెప్పాడు. స్నేహితుడు అక్కడికక్కడే లేచి వెళ్ళిపోయాడు. అన్నయ్య తెల్లబోయిన మొహంతో ఆ గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. ఆ మొహం ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు. తర్వాత ఒంటరిగానే షాపు పెట్టాడు, కష్టపడి నిలబెట్టుకున్నాడు. బావగారి గడప మాత్రం మళ్ళీ తొక్కలేదు.

"వాడి ముందుకెళ్ళి చెయ్యి చాచమంటావా?" అంటున్నాడు భర్త, గుమ్మం పక్క కుర్చీలోంచి కదలకుండానే, తల్లితో. ఆవిడ ఏదో సర్దిచెబుతోంది. ఆమె ఇంటి వెనకున్న బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. ఏళ్ళుగా నొక్కని ఆ నంబరు నొక్కింది.

"ఎవరూ?" అదే గొంతు!

"అన్నయ్యా... నేను." ఇంకేం మాట్లాడాలో తోచక ఏడుస్తూ గడగడా చెప్పేసింది. "ఈవేళ ఆయన నీ షాపుకొస్తారు. బ్యాంకు పని మీద. నీ కాళ్ళు పట్టుకుంటాను, కాదనకు. ఉద్యోగం పోయేలా ఉంది అన్నయ్యా..."

"రానీ" అని ఫోను పెట్టేశాడు.

రానీ అంటే? ఆదరిస్తాననా, లేక వస్తే చెబుతాననా? ఆమె ఆ రెండక్షరాల్ని మనసులో వెయ్యి రకాలుగా పలికి చూసుకుంది. ఏ రకంగా పలికినా భయమే మిగిలింది. నలుగురి ముందూ కడిగి పారేస్తే? ఈ మనిషి తట్టుకోగలడా? అయ్యో, నేనెందుకు చేశాను ఆ ఫోను!

లోపలికొచ్చి చెప్పులు వేసుకుంది. "లేవండి. నేనూ వస్తాను."

* * *

షాపు నిండా మంచాలూ పరుపులూ. కొత్త దూది వాసన. అన్నయ్య జుట్టు చెవుల దగ్గర నెరిసింది. నాకు తెలియకుండానే మా అన్నయ్య పెద్దవాడైపోయాడే! అతను ఎవరికో పరుపు చూపిస్తున్నవాడల్లా ఆగి, వీళ్ళకేసి చూసి, "కూర్చోండి" అని మళ్ళీ బేరంలో పడ్డాడు. కుర్చీలు లేవు. ఇద్దరూ అమ్మకానికి పెట్టిన మంచం అంచున కూర్చున్నారు. భర్త మోకాళ్ళ మీద సంచీ పెట్టుకుని, బడిలో తప్పు చేసిన పిల్లాడిలా బిగుసుకుపోయాడు.

బేరం అయ్యాక అన్నయ్య వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "చెప్పండి బావగారూ."

భర్త మొదలుపెట్టాడు. ఈ ఖాతా వల్ల ఒరిగేదేమిటో వల్లించినట్టు చెప్పాడు. చివరికొచ్చాడు... ఆగాడు. ఆమె ఊపిరి బిగబట్టింది. అడగండి, ఒక్కసారి అడగండి!

"లాభాలూ ఉన్నాయి, నష్టాలూ..." అంటూ అతని గొంతు సన్నగిల్లిపోయింది.

"ఈ ఉపన్యాసం అక్కర్లేదు" అన్నాడు అన్నయ్య. "కాగితాలివ్వండి, సంతకం పెడతాను. చిట్టి పొద్దున్నే ఫోన్ చేసి ఏడ్చింది."

భర్త ఉలిక్కిపడి ఆమెకేసి చూశాడు. ఆమెకి భూమిలోకి కుంగిపోయినట్టనిపించింది. తల దించుకుంది.

"ఎందుకలా చూస్తారు దాన్ని?" అన్నయ్య గొంతు మొదటిసారి పెరిగింది. "మీ కోసం అది ఏం చేసిందో మీకేం తెలుసు? ఈ షాపు తెరిచిన రోజు దాన్నొక్కదాన్నే రమ్మన్నాను. జ్వరమని రాలేదు. నేను నమ్మాననుకున్నారా? మిమ్మల్ని పిలవని చోటికి అది రాదు. ఆ రోజంతా గుమ్మంకేసే చూస్తూ కూర్చున్నాను..."

"జ్వరమా?" అన్నాడు భర్త మెల్లగా. "ఆ రోజు నువ్వు... ఇంట్లో కిటికీలన్నీ తుడిచావు. ఎందుకింత పని పెట్టుకున్నావని నేను విసుక్కున్నాను కూడా."

ఆమె దాచుకున్నదంతా ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది. పమిట నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

అతను సంచీ పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"సంతకం వద్దు బావగారూ. దాని ఏడుపు చూసి పెట్టే సంతకం నాకొద్దు. కానీ ఒకటి అడుగుతాను." ఆగాడు. ఈసారీ గొంతు పట్టేసిందేమోనని ఆమె బెదిరిపోయింది. లేదు, మాట బయటికొచ్చింది. "ఆ రోజు గోడ మీద బొమ్మలేసి మీ పరువు తీశాను. నన్ను క్షమించకపోయినా సరే... మీ చెల్లెల్ని ఇంటికి పిలుస్తారా? దయచేసి పిలవండి."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఎవరినైనా ఒకటి అడగ్గా ఆమె విన్నది అదే మొదలు. అదీ తన కోసం!

అన్నయ్య పక్క పరుపు మీద లేని ముడత సవరించాడు. ఆ తర్వాత ఆమె దగ్గరికొచ్చి, బొంగురు గొంతుతో, "లే చిట్టీ! అది అమ్మకానికి పెట్టిన పరుపు. తడిపేస్తున్నావు" అన్నాడు. ఆమె ఏడుస్తూనే నవ్వింది. "ఆదివారం ఇంటికి రండి. ఇద్దరూ. మీ వదిన నన్ను ఇన్నాళ్ళూ తిట్టని రోజు లేదు."

"మరి ఖాతా సంగతి?" అనేసింది ఆమె, ఆగలేక. అని నాలిక్కరుచుకుంది.

"సోమవారం రమ్మను. ఈ బ్యాంకూ, ఇప్పుడున్న బ్యాంకూ పక్కపక్కన పెట్టి చూస్తాను. లాభముంటే తెరుస్తాను, లేకపోతే లేదు" అని, బావగారికేసి చూసి, "గోడ మీద బొమ్మలు మాత్రం వద్దు" అన్నాడు.

వీధిలోకొచ్చారు. ఆమెకి మనసు తేలికపడ్డట్టే ఉంది గానీ, గుబులు పోలేదు. చేతికి ఖాతా రాలేదు. నెలాఖరు వచ్చేస్తోంది. సోమవారం అన్నయ్య లాభం లేదంటే? భర్త ఆమె చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వదిలాడు. పక్కనే తాళాలు బాగుచేసే షాపుంది. మెడలో కార్డు సరిచేసుకుని అందులోకి వెళ్ళాడు.

ఆమె బయటే నిలబడింది. తలుపు తెరిచే ఉంది. అతను చెప్పడం వినిపించింది, ఈసారి కాస్త పొట్టిగానే చెప్పాడు. చివరికొచ్చాడు. ఆమె పమిట చెంగు పిడికిట్లో నలిపేసింది.

"మా దగ్గర ఖాతా తెరుస్తారా అండీ?"

"వద్దండీ" అన్నాడు తాళాలతను.

ఇన్ని రోజులూ ఆమె చచ్చేంత భయపడింది ఆ మాటకే. అతను బయటికొచ్చాడు. మొహం కందింది, నుదుట చెమట పట్టింది, కానీ మనిషి నిలబడే ఉన్నాడు! "విన్నావా? అడిగాను" అన్నాడు.

"విన్నానండీ" అంది ఆమె. కళ్ళు తుడుచుకుని, అతని భుజం మీద జారిన సంచీ పట్టీని పైకి సర్ది, ఆ పక్క షాపు తలుపు తెరిచి పట్టుకుంది.