మోకాల్లో బుర్ర

"ఈ పుస్తకం అచ్చేసింది ఎవరు?"

ఛత్తాబజార్‌లో పెళ్లికార్డులు అచ్చేసే ప్రెస్సుకి ఎవరైనా నవ్వుతూనే వస్తారు. ఈ అమ్మాయి మాత్రం తాను నిలువునా తడిసి, చున్నీ కింద పుస్తకాన్ని పొడిగా కాపాడుకుంటూ, కోపంగా వచ్చింది. పొగడడానికే వచ్చిందనుకుని శ్రవణ్‌కుమార్ గర్వంగా లేచి నిలబడ్డాడు, పాపం.

"నేనే మేడమ్. మా నాయినమ్మ రుక్మిణమ్మ ఎప్పుడో రాసిన పిల్లల పాటలు. పాత పుస్తకం చినిగిపోతుంటే మళ్లీ అచ్చేసిన. మస్తుగున్నయి కదా?"

"పాలాయన పాట ఒకసారి చదువుండ్రి."

చదవడం ఎందుకు? ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ విన్న పాట. హుషారుగా అందుకున్నాడు.

"గౌలోని బుర్ర మోకాల్లో,
పాలన్నీ పోసె వాకిట్లో.
ఆలొచ్చి చూసి నవ్వింది,
బోలెడు పరువు పోయింది!"

"నా పేరు పూజిత. మేం గౌలోళ్లం. మాది గౌలిపుర. మా బాపు బర్లు సాకి పాలు పోస్తడు," అందామె. "మలక్‌పేటల రెండో తరగతికి చెప్త. మా లైబ్రరీల ఈ పుస్తకం చదివి పిల్లలు ఏమడిగిన్రో ఎరుకేనా? టీచర్, మీ బుర్ర గూడ మోకాల్లోనే ఉంటదా అని!"

శ్రవణ్‌కి నవ్వొచ్చింది. ఆపుకోలేక నవ్వేశాడు కూడా. ఆమె కళ్లలో నీళ్లు చూశాక ఆ నవ్వును ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"సారీ మేడమ్. ఈ పాట ఎన్నిసార్లు విన్ననో. గా మాట మాత్రం ఒక్కసారి గూడ చెవిల పడలే."

"మీకెందుకు పడతది? మిమ్మల్ని అనలే కదా."

నిజమే.

"మారుస్త. కానీ నాయినమ్మ రాసింది గీ ఒక్క పుస్తకమే. తప్పుందంటే ఆమె మనసు విరిగిపోతది. ఇంకో మంచి మాట దొరికినంక మెల్లగ చెప్త. మీరు జర సాయం చేస్తరా?"

అలా మొదలైంది. స్కూలు వదిలాక పూజిత ప్రెస్సుకి వచ్చేది. కార్డుల కట్టల మధ్య కూర్చుని ఇద్దరూ మాట కోసం వెతికేవాళ్లు.

"పిచ్చోని బుర్ర మోకాల్లో?"

"వాళ్లేం పాపం చేసిన్రు?"

"ముసలోని బుర్ర?"

"మీ నాయినమ్మ ముంగట పాడుతరా?"

"పోనీ, టీచరమ్మ బుర్ర?"

ఆమె చేతిలోని స్కేలు అతని భుజం మీద పడింది. గట్టిగా కాదులెండి.

"ఎవరి పేరు పెట్టినా ఎవరికో ఒకరికి తగులుతది. గిదేం లొల్లి!" అని తల పట్టుకున్నాడు శ్రవణ్.

ఆమె పకపకా నవ్వింది. మాట దొరికితే ఈ నవ్వు ఇక ప్రెస్సుకి రాదని అతనికి అప్పుడే తట్టింది. అంతే, ఆరోజు నుంచి అతనికి మాటలు దొరకడం మానేశాయి.

ఒక సాయంత్రం మేడమీంచి గోడ పట్టుకుని మెల్లగా దిగివచ్చింది రుక్మిణమ్మ. ఆమెకు చూపు బాగా తగ్గింది. చెవులు మాత్రం చురుకే.

"ఎవర్రా ఆ పిల్ల? రోజూ నా పాట పాడి కొట్లాడుతరు?"

శ్రవణ్ గబగబా కార్డుల కట్టలు సర్దసాగాడు. పూజిత లేచి నిలబడింది.

"మాది గౌలిపుర అమ్మా. మీ పాటల బుర్ర మోకాల్లో ఉన్నది మాకే."

రుక్మిణమ్మ గోడ వదిలి, ఆ గొంతు వచ్చినవైపు రెండడుగులు వేసింది.

"ప్రాస కుదిరిందని సంబరపడ్డ బిడ్డా," అంది. "పాలు పోసే ఆమె గడపల నిలబడి ఉండంగనే రాసిన. ఆమెకు చదువు రాదు కదా అనుకున్న. గసొంటోళ్ల మనుమరాండ్లు టీచర్లయి నా పుస్తకం చదువుతరని తోచనే లేదు." తడుముకుంటూ పూజిత చెయ్యి పట్టుకుంది. "తియ్యిరా ఆ మాట."

"ఏం పెట్టాలె నాయినమ్మా?"

"నన్నడుగుతవేంది? నీ బుర్ర యాడుంది?"

మర్నాడు సాయంత్రం పూజిత వచ్చేసరికి బల్లమీద ప్రూఫు కాగితం సిద్ధంగా ఉంది.

"శ్రవణుని బుర్ర మోకాల్లో,
సిరా అంతా పోసె వాకిట్లో.
....... చూసి నవ్వింది,
బోలెడు పరువు పోయింది!"

మొదటి మాటకే ఆమె నవ్వు ఆగలేదు. మూడో లైను దగ్గర ఆగిపోయింది.

"గీ ఖాళీ ఏంది?"

"శ్రవణునికి ఆలి లేదు కదా. పిల్లల పుస్తకంల అబద్ధం ఎట్ల అచ్చేస్త?" ఆ చుక్కల మీద వేలు పెట్టాడు. "గా జాగ మీరు నింపితే బాగుంటదని నా ఆశ. మీరంటే నాకు ప్రాణం పూజితా. పాటకు మాట ఎన్నటికీ దొరకొద్దని రోజూ మొక్కిన."

బయట వాన అందుకుంది. ఆమె బ్యాగులోంచి ఎర్రపెన్ను తీసింది. తప్పులు దిద్దే పెన్ను.

మేడమెట్ల మీంచి రుక్మిణమ్మ అడిగింది. "ఏం రాసిందిరా?"

శ్రవణ్ చదివాడు. "పూజిత చూసి నవ్వింది."

"ప్రాస తప్పింది."

"తప్పింది నాయినమ్మా."

"తప్పనీ. రేపు నన్ను గౌలిపుర తోల్కపో. పాటల తప్పు రాసిన్నని వాళ్ల బాపుకు నేనే చెప్పుకోవాలె." ఒక మెట్టు దిగి ఆగింది. "పిల్లనిమ్మని గూడ నేనే అడుగుత."