రెండంగుళాల ఎత్తు

"వెనక ఎత్తించాలి."

పికప్ బండి దిగీ దిగకుండానే ఆ అమ్మాయి అన్న మొదటి మాట అది. పలకరింపు లేదు, నవ్వు లేదు. వేరే బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్న మెకానిక్‌కి ముందు ఆమె చెప్పులు, వాటికి అంటిన మట్టి కనిపించాయి. బయటికి జరిగాక మొహం కనిపించింది. ముక్కు మీదే ఉంది కోపం. అయినా ఆ మొహానికి బాగానే ఉంది.

"స్టైల్ కోసమా మేడం?" అన్నాడు. ఈ మధ్య కుర్రకారంతా బండ్ల వెనక భాగం ఎత్తించుకుని మిడతల్లా తిరుగుతున్నారు మరి.

"అవును. మా బండికి ఫ్యాషన్ షో ఉంది."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"మా దారిలో వెనక భాగం రాళ్లకి కొట్టుకుంటోంది. ఎలా ఎత్తుతారో చెప్పండి."

"మూడు దారులున్నాయి. వెనక బరువు మోసే కమాను కట్టలో ఇంకో పట్టీ చేర్చొచ్చు. లేదా ఇరుసుకీ ఆ కట్టకీ మధ్య ఇనప దిమ్మ పెట్టొచ్చు. అదీ కాకపోతే, కట్ట చివర వేలాడే ఇనప లంకె, షాకిల్ అంటారు, పొడుగుది వేయొచ్చు. ఏం మోస్తుంది బండి?"

ఆమె జవాబు చెప్పేలోపే అతని చూపు తలుపు మీద రాసిన 'మొక్కల నర్సరీ' మీద పడింది. వెనక తొట్టిలో మట్టి, పగిలిన కుండీ పెంకులు.

"చూస్తేనే తెలుస్తోందిలెండి. మట్టి, కుండీలు. లోడెక్కువే కదా?"

"లోడు ఉంటుంది," అంది ఆమె, చూపు పక్కకి తిప్పుకుని.

ఆ చూపు ఎందుకు తిరిగిందో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది. కానీ మనవాడు ఆ కళ్లు ఎంత పెద్దవో చూస్తూ ఉండిపోయాడు. పైగా ఆమెకి గట్టి పని చేసి చూపించాలన్న ఉత్సాహం ఒకటి. ఒక పట్టీ చాలిన చోట రెండు వేశాడు.

"ఇక ఏనుగుని ఎక్కించినా కిందికి దిగదు మేడం!" అని తాళాలు చేతికిచ్చాడు.

వారం తిరక్కుండానే ఆమె మళ్లీ వచ్చింది. జోరువాన. గొడుగు కూడా లేకుండా తడిసి ముద్దయి, షెడ్డు మధ్యలో నిలబడింది.

"మీరు బండిని ఎత్తారా, బండరాయిని చేశారా? గోతిలో పడితే చాలు, వెనక ఎగిరెగిరి కొడుతోంది!"

"నిండా లోడు వేస్తే మెత్తబడుతుంది మేడం. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఎంత లోడో మీరు చెప్పందే నాకెలా తెలుస్తుంది?"

అప్పటిదాకా జుట్టులోంచి కారుతున్న నీళ్లని తుడుచుకోని మనిషి, ఇప్పుడు కళ్లు తుడుచుకుంది.

"లోడు మా అమ్మే," అంది.

అమ్మకి ఎముకల్లోకి పాకిన జబ్బు. కూర్చోలేదు. కారులో పడుకోబెట్టే చోటు లేదు. అందుకని వెనక తొట్టి కడిగి, పరుపు వేసి, వారం వారం ఆసుపత్రికి తీసుకెళ్తోంది కూతురు. ఆ దారంతా గోతులు. ఇదివరకు రాయి తగిలినప్పుడే అమ్మ మూలిగేది. ఈసారి దారి పొడుగునా మూలిగింది.

"ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే అందరూ ఒకలా చూస్తారు. ఇప్పుడు మీరు చూస్తున్నారే, అలా."

అతను తల దించుకున్నాడు. బండి ఏం మోస్తుందని అడగడం తెలిసినవాడే. జవాబు కూడా తనే చెప్పేసుకున్నాడు, అదీ అతని తప్పు. ఎవరో ఒక తల్లి తన ఉత్సాహానికి దారంతా మూలిగింది.

మిగతా పనులన్నీ పక్కన పెట్టి ఆ రోజే రెండు పట్టీలూ ఊడదీశాడు. పాత పట్టీల మధ్య తుప్పు గీకి గ్రీజు రాశాడు. ఇరుసు మీద రెండంగుళాల దిమ్మ పెట్టి, కొత్త యూ బోల్టులు బిగించి, కాస్త పొడుగు షాక్ అబ్సార్బర్లు వేశాడు. బండి లేచింది, పట్టీల మెత్తదనం పోలేదు.

"ఇక తీసుకెళ్లొచ్చా?"

"ఊహూఁ. ముందు నేను పడుకుంటాను. పరుపు వేయండి."

"మీరా?"

"లోడు లేకుండా ఎలా తెలుస్తుంది మేడం?"

ఆమె మొదటిసారి నవ్వింది. వాన వెలిసిన రోడ్డు మీద, వెనక పరుపు మీద మెకానిక్, ముందు డ్రైవింగు చేస్తూ ఆమె. మధ్యలో చిన్న అద్దాల కిటికీ తెరిచి ఉంది. గొయ్యి వచ్చినప్పుడల్లా ఆమె అరిచేది.

"తగిలిందా?"

"తగిలింది!"

"ఎక్కడ?"

"గుండెకి!"

"సరిగ్గా చెప్పండి!"

"నడుముకి మేడం, నడుముకి. టైర్లలో గాలి కొంచెం తగ్గించాలి."

ఆమె చెవులు ఎర్రబడడం కిటికీలోంచి కనిపించింది. ఆ మాట జారినందుకు అతను సిగ్గుపడ్డాడు గానీ, వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

తర్వాతి వారం, పని ఎలా ఉందో చూడాలన్న వంకతో తనూ వెళ్లాడు. వెనక తొట్టిలో అమ్మ పక్కన కూర్చున్నాడు. పిడికెడు మనిషి. పైన కదిలే కొమ్మల్ని చూస్తూ, వాటి పేర్లు చెబుతోంది.

"అమ్మా, తగిలిందా?" ముందు నుంచి కేక.

"లేదే!" అంది అమ్మ హుషారుగా. ఆ క్షణమే ఆమె వేళ్లు అతని చేతిని గట్టిగా నొక్కాయి.

మళ్లీ గొయ్యి, మళ్లీ ప్రశ్న, మళ్లీ "లేదే!" మళ్లీ అదే నొక్కు. అతను ఆమె వంక చూశాడు.

"నీకు తెలిసిపోయిందా బాబూ," అంది గొంతు తగ్గించి. "నువ్వు చేశాక చాలా నయం. అయినా తగలక ఎక్కడికి పోతుంది? లేదనకపోతే పిచ్చిది బండి నడపలేదు. చిన్నప్పటినుంచీ అంతే. అడిగినదానికి జవాబు రాకపోతే బెంబేలెత్తిపోతుంది."

అతను ఆ వేళ్లని అలాగే పట్టుకుని ఉన్నాడు.

"ఇంకో సంగతి. నేను పడుకునే ఉన్నా గానీ గుడ్డిదాన్ని కాదు. ఆ కిటికీలోంచి మీరిద్దరూ చూసుకునే చూపులు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. నాకిష్టమే."

ఆ తర్వాత ప్రతి వారమూ అతను వెళ్లాడు. ఆసుపత్రి వరండాలో ఒక టీ ఇద్దరూ పంచుకునేవాళ్లు. చెప్పాలన్న మాట నాలుక చివరిదాకా వచ్చేది. ఆమె కళ్ల కింద నలుపు చూసి, ఈ సమయంలో ప్రేమా దోమా ఏమిట్రా అని తనని తనే తిట్టుకునేవాడు. అమ్మ కాస్త కోలుకున్నాక చెబుదామనుకున్నాడు.

అమ్మ కోలుకోలేదు. ఒక ఉదయం ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది.

"మెకానిక్ గారూ, బండి స్టార్టవడం లేదు. అమ్మని ఇంటికి తీసుకెళ్లాలి." ఆపైన ఫోను పెట్టేసింది.

పరుగున వెళ్లాడు. బండికి ఏమీ కాలేదు. ఆమె తాళం పెట్టింది గానీ తిప్పనే లేదు. పరుపు మీద అమ్మ, మెడదాకా తెల్లటి దుప్పటి.

"నేను నడుపుతాను," అన్నాడు.

"వద్దు. ఎప్పుడూ నేనే కదా నడిపేది."

"అయితే నేను వెనక కూర్చుంటాను."

తాళం తిప్పి పెట్టి, అతను వెనక ఎక్కాడు. ఆమె ఎప్పటిలాగే మెల్లగా నడిపింది. గొయ్యి గొయ్యికీ పక్కకి తప్పించింది. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. ఇక అంత మెల్లగా వెళ్లే పని లేదని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట అనలేదు.

విరిగిన కల్వర్టు దగ్గర ఒక చక్రం గోతిలో దిగింది. బండి ఒరిగి లేచింది.

"అమ్మా, తగిలిందా?"

అలవాటుగా వచ్చేసిన మాట. బండి ఆగిపోయింది. ఆమె స్టీరింగు మీదికి వాలిపోయింది. కిటికీలోంచి ఆమె భుజాలు అదరడం కనిపిస్తోంది, ఏడుపు మాత్రం బయటికి రావడం లేదు. ఆమె జవాబు కోసం చూస్తోందని అతనికి అర్థమయింది.

దుప్పటి కింద చల్లబడిన చేతిని అతను తన చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి ఆ వేళ్లు నొక్కలేదు.

"లేదు," అన్నాడు. "తగల్లేదు."

ముందు నుంచి చాలాసేపటికి చిన్న గొంతు వినిపించింది. "వెనకే ఉన్నారా మీరు?"

"ఉన్నాను. ఎప్పటికీ ఉంటాను. నువ్వంటే నాకు ప్రాణం. మెల్లగా పోనీ."

ఎన్ని వారాలుగానో దాచుకున్న మాట, అసలు చెప్పకూడని రోజున చెప్పేశాడు. ఆమె కిటికీలోంచి చెయ్యి వెనక్కి చాచింది. రెండో చేత్తో అతను ఆ చెయ్యి పట్టుకున్నాడు. కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుని గేరు వేసింది.

ఇల్లు వచ్చేదాకా ప్రతి గోతి దగ్గరా ఆమె అడిగింది. అతను ప్రతిసారీ లేదనే చెప్పాడు.