పద్నాలుగో స్లైడు ఊపిరి

నర్సింగ్ కాలేజీలో మెట్ల కింద ఉండే మైక్రోస్కోపు గదికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అక్కడ ఒంటరిగా పద్నాలుగో స్లైడు చూసినవాళ్ళు పరీక్ష తప్పుతారట. ఆ గాజుపలక మీది ముక్క ఎవరి గొంతులోంచి కోసిందో గానీ, ఇంకా ఊపిరి పీలుస్తోందట... దాని అంచున సన్నటి వెంట్రుకలు కదులుతాయట.

రంగులు పట్టించి అద్దం కింద అతికించేసిన ముక్క కదలడమేమిటని ఎవరూ అడగలేదు. అడిగితే మార్కులు రావు. సీనియర్ల రికార్డు చూసి జూనియర్లు, వాళ్ళది చూసి వాళ్ళ తర్వాతివాళ్ళు వెంట్రుకలు గీసుకుంటూ వచ్చారు.

క్లాసంతా ఆంటీ అని పిలిచే ఆవిడకి మాత్రం చూడక తప్పలేదు. ఇద్దరు పిల్లల్ని అక్క దగ్గర వదిలి, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో చదువుకొచ్చింది. కణజాలాలు గుర్తుపట్టే పరీక్ష ఒకసారి తప్పింది. రేపు కూడా తప్పితే సీటు పోతుంది. పగలంతా మైక్రోస్కోపు చుట్టూ కుర్రకారే. మీరు తర్వాత చూద్దురుగాని ఆంటీ అంటూ వెనక్కి నెట్టారు. ఆ 'తర్వాత' అనేది వచ్చేసరికి రాత్రి ఎనిమిదయింది.

పదమూడు స్లైడులూ బుద్ధిగానే ఉన్నాయి — కండరం, ఎముక, కొవ్వు, చర్మం... పద్నాలుగోది పెట్టి కన్ను ఆనించింది.

కదిలాయి.

నల్లటి వెంట్రుకలు... వాలి, మళ్ళీ లేచాయి.

పారిపోదామనుకుంది. పారిపోయి పిల్లలకేం చెప్పాలి — దెయ్యం కనబడితే చదువు మానేసి వచ్చాననా? పళ్ళ బిగువున మళ్ళీ వంగింది. ఈసారి ఊపిరి బిగబట్టి, రెప్ప వేయకుండా చూసింది.

వెంట్రుకలు ఆగిపోయాయి.

రెప్ప వేసింది. అవీ వాలాయి.

వేలెడు దూరం జరిగి చూసింది. వెంట్రుకలు లేవు. పొడుగాటి కణాలు ఒకే వరసలో, నున్నగా... పుస్తకంలో ఉన్నట్టే, పిత్తాశయం లోపలి పొర. గొంతూ లేదు, ఊపిరీ లేదు. ఇంతసేపూ ఊగింది తన కనురెప్పల వెంట్రుకలే.

మర్నాడు పరీక్షలో పద్నాలుగో స్లైడే వచ్చింది. 'పిత్తాశయం, వెంట్రుకలు లేవు' అని రాసింది. పదహారేళ్ళుగా ఆ పాఠం చెబుతున్న మాస్టారు ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశారు. అది ఊపిరిగొట్టమని చిన్నపిల్లలకి కూడా తెలుసు, ఈ వయసులో చూపు ఆనకపోతే కళ్ళజోడు పెట్టుకోవాలమ్మా అన్నారు. గది గొల్లుమంది. ఆ రెండు మార్కులూ పోతే ఆవిడ తప్పినట్టే.

నమ్మకపోతే చూపిస్తానని మాస్టారే వంగారు. "ఇవిగో, ఎంత చక్కగా కదులుతున్నాయో..."

ఆవిడ ఆయన చెవి దగ్గరికి వంగింది. "ఒక్క నిమిషం రెప్ప వేయకండి సార్."

మాస్టారు వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. కంట్లోంచి నీళ్ళు కారాయి. చాలాసేపటికి, తలెత్తకుండానే, ఆవిడ కాగితం లాక్కుని మార్కులు దిద్దారు.

"నువ్వు పాసయ్యావు," అన్నారు గుసగుసగా. "దాన్ని మాత్రం ఉండనీ తల్లీ... ఆ దెయ్యం పోతే నేను పోవాలి."