ఎడమ అంచు

ట్రామ్ స్టాప్ దగ్గర ఆమెను కాల్చినప్పుడు ఫోన్ చేతిలోనే ఉంది. తెర ఎడమ అంచు నుంచి బొటనవేలితో ఒక్క గీత గీస్తే "తుఫాను" అనే సంకేతం వెళ్తుంది, వీధి చివర కాచుకున్న మనవాళ్లు పరుగెత్తుకొస్తారు. ఆమె గీసింది. ఎవరికీ ఏ కబురూ అందలేదు.

చీఫ్ ఇదంతా తల వంచుకునే చెప్పాడు. ఎదుట కూర్చున్న ఏజెంట్‌కు ఆమె సొంత చెల్లెలు.

విదేశీ ముఠా స్థావరాల ఫొటోలు ఆమె దగ్గరా, ఆమె భర్త దగ్గరా మాత్రమే ఉన్నాయి. ఆ భర్త ఇప్పుడు మారువేషంలో ఫెర్రీ ఎక్కాడు. ముఠా మనుషులూ ఎక్కారు. మన టీమ్ కూడా ఉంది గానీ, తుఫాను వస్తే తప్ప అతను ఎవరో, ఎక్కడున్నాడో వాళ్లకు తెలియదు. ఫోన్ చేస్తే ఆ రింగే అతన్ని పట్టిస్తుంది.

"మీ బావకి చెల్లెలు పోయిన సంగతి ఇంకా తెలీదు," అన్నాడు చీఫ్. "అతని చేతిలో ఉన్నదీ ఆమెకిచ్చినలాంటి కొత్త ఫోనే."

ఆ సంకేతం పంపేది పైకి వాతావరణం చెప్పే యాప్. పాత రకం ఫోన్లలో ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేసింది. ఈమధ్యే దాన్ని కొత్త రకం ఫోన్లకు మార్చారు. గూఢచారి కాకముందు ఏజెంట్ కూడా యాప్‌లు తయారుచేసే పనే చేసేవాడు. అందుకే ఏడుపు దిగమింగుకుని, ఏసీ మెకానిక్ వేషంలో, యాప్‌ను మార్చిన డిజైనర్ గదిలోకి వెళ్లాడు.

ఎర్ర కళ్లద్దాలు, అందమైన నవ్వు. ఆమెను చూస్తే ఎవరైనా నమ్మేస్తారు. పాత యాప్‌ను ఒక్క గీత కూడా మార్చకుండా కొత్త ఫోన్లలోకి దించింది, ఏజెంట్ల వేళ్లకు అలవాటు తప్పకూడదని. అందరూ మెచ్చుకున్నారు. అందరికంటే ముందు మెచ్చుకున్నది చెల్లెలే.

గోడ మీద ఆమె చేసిన మిగతా యాప్‌ల బొమ్మలున్నాయి. కొత్త ఫోన్లలో ఎడమ అంచు నుంచి గీస్తే "వెనక్కి పో" అని అర్థం. ఆ గీతను ఫోనే లాగేసుకుంటుంది, యాప్ దాకా రానివ్వదు. అందుకే ఆ బొమ్మల్లో ఒక్కదానిలోనూ ఎడమ అంచున ఏమీ లేదు. ఏజెంట్‌కు ఆమె పన్నాగం అర్థమైంది.

"నీకు తెలుసు," అన్నాడు పిస్టల్ తీసి. "పరీక్ష రోజున ఫోన్లలో ఆ వెనక్కి పోయే గీతను ఆపేసి యాప్ చూపించావు."

"మీరు అడిగినట్టే చేశాను," అందామె అదే నవ్వుతో, అతనెవరో తనకు ముందే తెలిసినట్టు. "ఫెర్రీ రేవుకి వచ్చేస్తోంది. ఇప్పుడు మీ బావకి ఏం నేర్పిస్తారు?"

నేర్పడానికి వ్యవధి లేదు. బావ వేలు పాత అలవాటుతోనే కదులుతుంది, ఫోన్ యాప్‌ను మూసేస్తుంది. మూయనీ, అనుకున్నాడు ఏజెంట్. ఆమెను కుర్చీకి కట్టేసి ఆమె కంప్యూటర్ ముందే కూర్చున్నాడు. యాప్ అలా మూసుకుంటున్నప్పుడే తుఫాను వెళ్లేలా రాసి, బావ ఫోన్‌కు పంపాడు. ఆ తర్వాత ఎదురుచూడటం తప్ప చేయగలిగింది లేదు.

రేవులో తాళ్లు విసురుతుండగా తుఫాను వచ్చింది. బావ మెడ దగ్గరకు వచ్చిన కత్తిని మనవాళ్లు పట్టుకున్నారు.

కాసేపటికి బావే ఫోన్ చేశాడు. "గీయగానే మూసుకుపోయిందిరా. నా పని అయిపోయిందనుకున్నాను," అన్నాడు నవ్వుతూ. "మీ చెల్లికి చెప్పు, భోజనానికి ఇంటికే వస్తున్నానని."

"నేనే వస్తున్నాను బావా. అక్కడే ఉండు," అన్నాడు ఏజెంట్.

బయల్దేరేముందు ఒక పని మిగిలింది. కొత్త యాప్ ఏజెంట్లందరికీ వెళ్లాలి, దానితోపాటు ఏం మారిందో ఒక ముక్క రాయాలి. ఎవరు చదివినా అనుమానం రాకూడదన్నాడు చీఫ్. ఏజెంట్ కళ్లు తుడుచుకుని, అందరూ రాసేదే రాశాడు: "చిన్న లోపం సరిచేశాం."