టెస్సాకు మాటలొచ్చాయి

"నేనెక్కను. ఈ బండి కంపు కొడతంది!"

నర్సరీ వ్యాన్ తలుపు తీసి పట్టుకున్న దేవేందర్ అలాగే ఉండిపోయాడు.

బహ్రెయిన్‌లో, మనామా నగరపు మహూజ్ పేటలో ఒక అపార్ట్‌మెంట్ ముందు, సెప్టెంబరు ఎండలో నిలబడి ఆ మాటన్నది మూడున్నరేళ్ల పిల్ల. తేనెరంగు ఉంగరాల జుట్టు, వీపు మీద కుందేలు బొమ్మ బ్యాగు. నర్సరీ వాళ్లిచ్చిన కాగితంలో పేరు టెస్సా అని ఉంది. తండ్రి కోలిన్, బ్రిటిష్ ఇంజనీరు. తల్లి మారివిక్, ఫిలిప్పీన్స్ నర్సు.

"ఏందీ! గీ పోరి తెలుగు మాట్లాడుతాంది!"

పిల్ల చెయ్యి పట్టుకున్న ఆయా మొహంలో నెత్తురు చుక్క లేదు. "లేదండి. మీకలా వినపడింది."

"నాకేమన్న చెవుడా? నా బండి కంపు కొడ్తాందన్నది."

"కొడతంది కదా మరి," అనేసి నాలిక కరుచుకుందామె.

దేవేందర్‌కు నవ్వాగలేదు. కానీ ఆమె కళ్లలో నీళ్లు చూసేసరికి నవ్వు ఆపేశాడు.

"దండం పెడతానండీ, ఎవరితోనూ అనకండి. నా పని పోద్ది."

ఆమె పేరు వీరలక్ష్మి. రాజోలు దగ్గర ఊరు. టెస్సా ఏడుస్తుందని కొన్నాళ్లు ఆయా కూడా వ్యాన్లో రావాలన్నారు నర్సరీ వాళ్లు. వెళ్లేటప్పుడు వ్యాన్ నిండా పిల్లలు. వాళ్లను దింపి తిరిగొచ్చేటప్పుడు ఆమె, దేవేందర్ ఇద్దరే. ఆమె చివరి సీట్లో కిటికీ పక్కన కూర్చునేది. దేవేందర్ అద్దంలో చూసేవాడు. ఆమె చూస్తే సిగ్నల్ వైపు చూసేవాడు.

"గ్రీన్ పడిందండీ," అనేది ఆమె.

"నాకెర్కే."

"ఎరిక అయితే కదలండి. ఎనకాల హారన్ కొడతన్నారు."

దేవేందర్ జగిత్యాల దిక్కు వాడు. వాళ్లమ్మ అందరికీ కొడుకు దుబాయిల ఉన్నాడనే చెబుతుంది. నిజానికి బహ్రెయిన్ వచ్చి ఏడేళ్లు. నాలుగేళ్లు సిత్రాలో కూలీల క్యాంపులో, ఒక్క గదిలో పన్నెండు మందితో ఉన్నాడు. తర్వాత లైసెన్సు సంపాదించి ఈ వ్యాన్ డ్యూటీ పట్టాడు. గది మారింది, మనుషులు తగ్గారు, మాటలూ తగ్గాయి. ముప్పై ఒకటి నిండాయి. ఈ దినం ఆమె ఏం తిడుతుందా అని ఎదురుచూడడం ఎప్పుడు మొదలైందో అతనికే తెలీదు.

రెండు వారాలకు ఆమె అసలు సంగతి చెప్పింది.

"ఆ ఇంట్లో రూలండీ. సార్ పిల్లతో ఇంగ్లీషే మాట్లాడాలి. మేడమ్ ఆళ్ల భాషే మాట్లాడాలి. అలాగైతే రెండూ వచ్చేత్తాయంట. నన్ను ఇంగ్లీషులో మాట్లాడమన్నారు."

"నీకొస్తదా?"

"యస్ మేడమ్, నో మేడమ్, ఫుడ్ ఫినిష్. అంతే."

"మరి?"

"ఆళ్లిద్దరూ పొద్దున పోతే సాయంత్రానికి వత్తారు. పగలంతా నేనూ పిల్లే. ఓ రోజు ఉల్లిపాయలు కోత్తా, అబ్బా కళ్లు మండిపోతన్నాయి అనుకున్నాను. నాలో నేనేనండీ. ఎనకాల్నుంచి 'ఊదనా?' అంది."

దేవేందర్ అద్దంలోకి చూశాడు. ఆమె బయటికి చూస్తోంది.

"ఇక్కడికొచ్చి ఏడాదిన్నర. నాతో తెలుగులో మాట్లాడిన మొదటి మనిషండీ అది. వద్దనలేకపోయాను."

ఊళ్లో ఆమెకు పంతొమ్మిదికే పెళ్లి చేశారు. రెండేళ్లకు మొగుడు ఇంకొకామెను తెచ్చుకున్నాడు. పెద్దమనుషులు కూర్చుని విడదీశారు, తర్వాత కోర్టు కాగితమూ వచ్చింది. ఎవరి మొహమూ చూడాలనిపించక విమానమెక్కింది.

డిసెంబరులో ఒక రోజు వాన పడింది. బహ్రెయిన్ వానకు అలవాటు లేని ఊరు. గంటసేపు కురిస్తే మహూజ్ సందులన్నీ చెరువులయ్యాయి. నర్సరీ నుంచి తిరిగొస్తూ వ్యాన్ మోకాలు లోతు నీళ్లలో ఆగిపోయింది.

"ఖలాస్," అన్నాడు దేవేందర్ స్టీరింగ్ వదిలేసి. "ఇగ ఈడ్నే కాపురం."

మామూలుగా అయితే ఆ మాటకు గట్టి జవాబు వచ్చేది. ఆ రోజు రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే, వీరలక్ష్మి కిటికీ అద్దానికి తల ఆనించుకుని ఉంది.

"ఏమైంది?"

"టెస్సాని పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారండి. ఆళ్లుండగా నేను తెలుగెత్తను, పిల్లా నోరు తెరవదు. ఏం కావాలన్నా వేలు చూపిత్తది. రెండు భాషలు కలిసిపోయి బుర్ర గందరగోళమైపోయిందంటున్నారు సార్. ఇకమీదట ఒక్క ఇంగ్లీషే అంట. మేడమ్‌ని ఆళ్ల భాష మానేయమన్నారు."

"మరి ఆమె?"

"బాత్రూములో కుళాయి తిప్పేసి ఏడుత్తున్నారు. ఫిలిప్పీన్స్‌లో ఆవిడ అమ్మకి ఇంగ్లీషు రాదంట. మనవరాలితో ఎప్పటికీ మాట్లాడలేదు కదా ఇక."

వ్యాన్ పైన వాన టపటపా పడుతోంది. దేవేందర్ ఆమె వైపు పూర్తిగా తిరిగాడు. "చెప్పెయ్."

"ఏటి?"

"పిల్లకు మాటలొచ్చని చెప్పెయ్. గందరగోళం లేదు, మన్ను లేదు. దినమంతా తెలుగుల లొడలొడ మాట్లాడుతదని చెప్పు."

"మీకేటండీ! పోయేది నా పని."

"పని పోతే ఇంకోటి దొరుకుతది. ఆ తల్లి నోరు కట్టేసిన్రు గదా. నీకు మాట్లాడ మనిషి లేక ఎంత గోసైందో నువ్వే చెప్తివి. గిప్పుడు ఆమెకు అదే గతి పట్టిస్తవా?"

వీరలక్ష్మి మొహం ఎర్రబడింది. "పని కాదండీ. పిల్లని పోగొట్టుకోవాలి. మీకు పిల్లలు తెలుసా? వ్యాన్ తెలుసు మీకు."

తలుపు తీసుకుని మోకాలు లోతు నీళ్లలోకి దిగేసింది. "ఆగు, వీరలక్ష్మీ!" అన్నా ఆగలేదు. చీర కుచ్చెళ్లు పట్టుకుని సందు మలుపు దాకా నడిచిపోయింది.

మూడు రోజులు ఆమె నిద్రపోలేదు. నాలుగో రోజు సాయంత్రం మారివిక్ డ్యూటీ నుంచి వచ్చి, టెస్సాను ఒళ్లో కూర్చోబెట్టుకుని బొమ్మల పుస్తకం తెరిచింది. ఆపిల్ బొమ్మ చూపించి, వాళ్ల భాషలో ఏదో అనబోయి ఆగింది. "ఆపిల్," అంది ఇంగ్లీషులో. టెస్సా బొమ్మ మీద వేలు పెట్టింది, అంతే. మారివిక్ పుస్తకం మూసేసింది.

వీరలక్ష్మి వంటింటి గుమ్మంలోంచి ముందుకొచ్చింది.

"మేడమ్. టెస్సా టాకింగ్. మచ్ టాకింగ్. మై లాంగ్వేజ్."

మారివిక్‌కు అర్థం కాలేదు. వీరలక్ష్మి కింద కూర్చుంది.

"టెస్సమ్మా, పొద్దున బాల్కనీలోకి ఏటొచ్చింది? అమ్మకి చెప్పు."

టెస్సా తల్లి మొహం చూసింది, వీరలక్ష్మి మొహం చూసింది. ఇద్దరూ ఎందుకేడుస్తున్నారో తెలియక నెమ్మదిగా మొదలుపెట్టింది. "పిట్టొచ్చింది. దానికి ఒక కాలే ఉంది. నేను అన్నం పెట్టాను. తినేసి ఎల్లిపోయింది. టాటా కూడా చెప్పలేదు."

మారివిక్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ అవి మాటలు, ఒకదాని వెనక ఒకటి, ఒక కథలాగా. వీరలక్ష్మి వచ్చీరాని ఇంగ్లీషులో పిట్టను, కాలును, అన్నాన్ని చూపించింది. మారివిక్ నవ్వుతూ ఏడుస్తూ పిల్లను గట్టిగా పట్టుకుని, నాలుగైదు రోజులుగా దిగమింగుకున్న తన భాషంతా ఒక్కసారిగా మాట్లాడేసింది.

కోలిన్ అరవలేదు. అరిచినా బాగుండేది. "ఏడాదిపాటు మా పిల్లకు జబ్బనుకున్నాం. నువ్వు చూస్తూ ఊరుకున్నావు," అన్నాడంతే.

ఒక భాష వచ్చిన పిల్లకు ఇంకో రెండు రావడం కష్టం కాదని డాక్టరు చెప్పాడు. మారివిక్ తన తల్లిని పిలిపించుకుంది. ఆయా అవసరం లేకపోయింది. వీసా మార్చుకోవడానికి కాగితం ఇచ్చి, నీళ్లకు అవతలున్న బుసైతీన్‌లో ఒక ముసలామె ఇంట్లో మారివిక్కే పని చూపించింది. టెస్సా ఏడుస్తుందని, పిల్ల నర్సరీలో ఉన్న వేళకే పంపించేశారు.

బుసైతీన్ ఇంట్లో ముసలామె, వీరలక్ష్మి ఇద్దరే. ముసలామె మంచిది. తను తినకుండా ఆమెకు ఖర్జూరాలు పెట్టేది. కానీ ఆమెది అరబ్బీ, ఈమెది తెలుగు. పగలంతా గోడ గడియారం చప్పుడు. ఉల్లిపాయలు కోస్తూ వీరలక్ష్మి ఇప్పుడేమీ అనుకోవడం లేదు. వాన రోజు కోపం ఇంకా పోలేదు, ఇల్లు మారిన సంగతి దేవేందర్‌కు చెప్పనూ లేదు. అతని మాట వినే కదా పిల్ల పోయింది అనుకునేది. ఆ మాట నిజం కాదని కూడా ఆమెకు తెలుసు.

మహూజ్‌లో వ్యాన్ దగ్గరికి ఇప్పుడు అమ్మమ్మ వస్తోంది. గ్రీన్ పడినా దేవేందర్‌కు చెప్పేవాళ్లు లేరు. ఐదు వారాలు ఓపిక పట్టి, ఒక గురువారం మారివిక్ కనబడితే అడిగేశాడు. ఆమె అతని మొహం కాసేపు చూసి, అడ్రసు రాసిచ్చింది.

శుక్రవారం సాయంత్రం వీరలక్ష్మి పాల కోసం సందు చివర, కోల్డ్‌స్టోర్ అనే చిన్న కిరాణా కొట్టుకు వచ్చింది. మెట్ల మీద ఇస్త్రీ చొక్కా వేసుకుని దేవేందర్ కూర్చుని ఉన్నాడు.

"మీరేటి ఇక్కడ?"

"పొద్దట్నించి గీడ్నే ఉన్న. మూడు చాయలు తాగిన. షాపాయన నన్ను దొంగననుకుంటుండు."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతోనే ఏడుపూ వచ్చింది. పాల సంగతి మరిచిపోయి మెట్టు మీద కూలబడింది.

"పిల్లెలా ఉందండీ?"

"అమ్మమ్మతోని వాళ్ల భాషల కొట్లాడుతాంది. నిన్న వాళ్ల నాయినకు ఇంగ్లీషుల బై చెప్పింది. ఆయన మెట్ల మీద నిలబడి చెయ్యి ఊపుకుంటనే ఉన్నడు." దేవేందర్ గొంతు తగ్గించాడు. "బండెక్కినంక మాత్రం నన్నే అడుగుతది. 'లచ్చిమేది?' అని."

వీరలక్ష్మి కొంగులో మొహం దాచుకుంది. అతను ఓదార్చబోలేదు. ఏడవనిచ్చాడు. సముద్రం వైపు నుంచి చల్లగాలి వస్తోంది, అవతలి ఒడ్డున మనామా దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి.

"నీ మీద జాలిపడి రాలే," అన్నాడు చివరికి. "నాకే తోస్తలేదు. నువ్వు తిట్టకుంటే నాకు దినం గడుస్తలేదు. నన్ను చేసుకుంటవా?"

"నన్నొకడు ఒగ్గేశాడండీ."

"వాని సంగతి నాకెందుకు? నేనడిగేది నిన్ను."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత తన ఫోన్ తీసి నంబరు నొక్కి, మోగుతుండగా అతని చేతికిచ్చింది. "మా అమ్మ. లోవమ్మ పేరు. ఆవిడని అడగండి."

దేవేందర్ గబుక్కున లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకున్నాడు. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, డ్యూటీ చెప్పాడు. అవతలి ప్రశ్నలకు "అవునమ్మా," "లేదమ్మా," "మందు ముట్టనమ్మా" అంటూ చెమటలు తుడుచుకున్నాడు. చివరికి ఫోన్ ఆమె వైపు చాచాడు. "నీకియ్యమంటాంది."

వీరలక్ష్మి ఫోన్ చెవికి ఆనించుకుంది.

"మనిషి మంచోడిలాగే ఉన్నాడే," అంది లోవమ్మ. "మీ అన్నయ్యతో నేను మాట్లాడతాలే. నీకిష్టమేనా?"

మొదటి పెళ్లప్పుడు ఇంటినిండా మనుషులున్నారు. ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదు.

ఆమె దేవేందర్ వైపు చూసింది. అతను వేరే వైపు చూస్తున్నట్టు నటిస్తున్నాడు, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

"ఇష్టమేనమ్మా," అంది వీరలక్ష్మి, అతనికి వినపడేలాగా.