లైట్లు లేని సాబ్

గుద్దాడు!

సాబ్ కారు తోక కుడివైపుకి ఎగిరిపోతోంది. హిల్కా స్టీరింగ్‌ని ఎదురు తిప్పుతుంది. టైర్లకి కొట్టిన మేకులు గడ్డకట్టిన సరస్సుని కరకరా కొరుకుతున్నాయి. కారు జారుతోంది... ఇంకా జారుతోంది...

పట్టు దొరికింది.

ఆమె యాక్సిలరేటర్‌ని నేలకి తొక్కుతుంది.

సాబ్‌కి హెడ్‌లైట్లు లేవు. రేసు కార్లకి పీకేస్తారు. ముందు అద్దం కూడా లేదు, ఇనప జల్లెడ మాత్రం ఉంది. దాంట్లోంచి మంచు పొడి దూసుకొచ్చి కనురెప్పల మీద సూదుల్లా గుచ్చుకుంటోంది.

మధ్యాహ్నం కాఫీ వేళకే చీకటి పడింది. డిసెంబర్లో ఇక్కడ అంతే. ఇప్పుడు ఆకాశం నలుపు, ఒడ్డు నలుపు.

కనిపించేవి రెండే. దూరంగా, అవతలి ఒడ్డున, నీలో అనే అతను పెట్టిన లాంతరు. వెనక, రైమో పికప్ లైట్లు.

ఆ వెనక లైట్లే ఆమెకి దారి.

చంపడానికి వస్తున్నవాడి వెలుగులోనే పారిపోవాలి!

మళ్ళీ గుద్దాడు. ఈసారి గట్టిగా. హిల్కా మొహం స్టీరింగ్‌కి కొట్టుకుంది. కింది పెదవి చిట్లింది. నోటినిండా ఉప్పటి రక్తం.

ఉమ్మేసింది. గేరు మార్చింది.

ఈ కారు అవతలి ఒడ్డు చేరాలి. ముక్కలవకుండా చేరాలి. ఆమె మొగుణ్ణి చంపిన కారు ఇది.

*

కాసేపటి కిందటి వరకు అక్కడ అంతా పండగే.

సరస్సు మీద మంచు తోసి ట్రాక్ వేశారు. స్తంభాలకి లైట్లు కట్టారు. ఒక పక్క నిప్పుల మీద సాసేజీలు కాలుతున్నాయి. పాల రైతులు, బడి పంతులమ్మ, బేకరీలో పిండి పిసికేవాడు, అందరూ సొట్టలు పోయిన తుక్కు కార్లెక్కి ఒకరినొకరు రాసుకుంటూ, గింగిరాలు తిరుగుతూ, మంచుగోడల్లో దూరిపోతూ నవ్వుతున్నారు. ఎవరికీ కప్పు కోసం తాపత్రయం లేదు. మంచు మీద కారు అడ్డంగా జారుతుంటే కడుపులో పుట్టే గిలిగింత కోసమే అంతా వస్తారు.

ఆ సరదా చెడిపోకూడదని ఒక రూలు పెట్టుకున్నారు.

రేసు అయిపోయాక, రేసు లైసెన్సు ఉన్న ఎవరైనా, ఎవరి కారునైనా కొనొచ్చు. ధర అందరికీ ఒకటే. నా కారు నేనివ్వను అనడానికి లేదు. అంటే లైసెన్సు పోతుంది. అందుకే ఎవరూ కారు మీద ఆస్తులు తగలెయ్యరు.

హిల్కా ఈ చలికాలం ప్రతి రేసులోనూ ఆఖరున వచ్చింది. ఆమె కారు గీత దాటగానే, తోకచుక్క వచ్చేసిందిరా, ఇక కాఫీ కెటిల్ దించెయ్యండి అని అరిచేవారు. ఆమె పట్టించుకోలేదు. గెలవడానికి రాలేదు. ఈ ఒక్క సాబ్‌ని కొనడానికి లైసెన్సు తీసుకుంది.

ఆర్వో పోయి రెండేళ్ళు. నవంబర్లో, మొదటి మంచు పడిన వారం. కాళ్ళతో తోసుకుంటూ మంచు మీద జారే ఇనప స్లెడ్జి బండి మీద ఊళ్ళోంచి ఇంటికి వస్తున్నాడు. ఏదో కారు గుద్దేసి ఆగకుండా పోయింది. తెల్లారాక దొరికాడు. అప్పటికి కొయ్య అయిపోయాడు. పక్కన పగిలిన లైటు ముక్క ఒకటి. పాత సాబ్‌ది అన్నారు పోలీసులు. జిల్లాలో పాత సాబ్‌లు వీధికొకటి. కేసు చల్లారిపోయింది.

ఆమె చల్లారలేదు.

ఈ శరదృతువులో నీలో వచ్చి చెప్పాడు. నీలో మెకానిక్. ఆర్వోతో కలిసి మంచుకి బొక్క పెట్టి చేపలు పట్టేవాడు. రైమో నడిపే రేసు సాబ్ ముందు బంపర్ వెనక ఎవరో ఇనప ప్లేటు అతికించారట. దాని కింద స్లెడ్జి కడ్డీ దిగిన గాటు లేకపోతే నా పేరు మార్చుకుంటానన్నాడు. నేనే కొనేవాణ్ణి, కానీ రేసు మార్షల్‌ని కొట్టినందుకు నా లైసెన్సు లాగేశారు, నువ్వే కొనాలన్నాడు. ఆమెకో డొక్కు డాట్సన్ సంపాదించాడు. ఇదే సరస్సు మీద నడపడం నేర్పాడు.

మొదటిసారి కారు పూర్తి చుట్టు తిరిగినప్పుడు హిల్కా హెల్మెట్ లోపల పకపకా నవ్వింది. ఆర్వో పోయాక అదే మొదటి నవ్వు. ఆ నవ్వుకి ఆమె తనని ఇంతవరకు క్షమించుకోలేదు.

ఈ రోజు రేసు అవగానే బల్ల దగ్గర కూర్చుని కార్ల అమ్మకాలు రాసే కెర్తుకి రైమో కారు కావాలని చెప్పింది.

రైమో మొహంలో నెత్తురు చుక్క లేదు. అమ్మనన్నాడు.

"అయితే లైసెన్సు ఇలా పెట్టు," అంది కెర్తు కాఫీ తాగుతూ. "రూలు నీకొకటి, నీ తాతకొకటి లేదు."

తాళం మంచులోకి విసిరేశాడు. హిల్కా తీసుకోవడానికి వంగితే కాలర్ పట్టి లేపి కారు తలుపుకేసి కొట్టాడు. నలుగురు పట్టి లాగితే గానీ వదల్లేదు. వదిలించుకుని పోయి పికప్‌ని రోడ్డుకి అడ్డంగా పెట్టాడు.

రోడ్డు మూసుకుంది.

సరస్సు ఉంది.

ఏదైనా తేడా వస్తే నేరుగా సరస్సు మీదుగా వచ్చెయ్యమని నీలో ముందే చెప్పాడు. లాంతరు పెడతాను, దాన్నే చూస్తూ రా, అటూ ఇటూ తిప్పకు అన్నాడు.

*

లాంతరు పెద్దదవుతోంది.

రైమో పక్కకి వచ్చాడు. పికప్ ఒళ్ళు సాబ్ ఒంటికి ఆనింది. ఇనుము ఇనుముని గీకుతోంది. నిప్పురవ్వలు మంచు మీద రాలుతున్నాయి. హిల్కా ఎడమకి తిప్పింది. పికప్ అద్దం విరిగి ఎగిరిపోయింది. రైమో మంచు దిబ్బ ఎక్కి, గాల్లో లేచి, దభీమని పడ్డాడు.

వెనకపడ్డాడు!

ఆ క్షణంలో, ఆ రక్తంలో, ఆమె కడుపులో మళ్ళీ అదే గిలిగింత. పళ్ళు బిగించి దాన్ని అణిచేసింది.

అప్పుడు వెనక లైట్లు ఆరిపోయాయి.

రైమో ఆర్పేశాడు.

చీకటి... గుడ్డి చీకటి... ఇంజను మోత తప్ప ఏమీ లేదు. వాడు ఎటున్నాడో తెలియదు. కింద ఏముందో తెలియదు.

లాంతరు ఒక్కటే. ఆమె దాన్నే పట్టుకుంది.

దగ్గరికి... ఇంకా దగ్గరికి...

ఎడమ పక్కనుంచి ఒక్కసారిగా వెలుగు!

పికప్ అడ్డంగా దూసుకొచ్చి ముందు చక్రం దగ్గర కొట్టింది. సాబ్ బొంగరంలా తిరిగింది. ఒకటి, రెండు, ఎన్నో చుట్లు. ఆగింది. ఇంజను చచ్చిపోయింది.

హిల్కా సీటు కింద జాకీ రాడ్ తడుముతుంటే తలుపు ఊడొచ్చింది. రైమో చెయ్యి లోపలికి వచ్చింది. ఆమె కొట్టింది. ముక్కు విరిగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఇంకోసారి కొట్టింది. మణికట్టు వేలాడిపోయింది.

అతను తిరిగి కొట్టలేదు. మోకాళ్ళ మీద కూలబడి, రెండో చేత్తో ముందుకి చూపించాడు.

"చూడు," అన్నాడు. "చూసి అప్పుడు చంపు."

పికప్ లైట్ల వెలుగులో ఆవిరి లేస్తోంది.

సాబ్ ముక్కుకి నాలుగు బారల అవతల మంచు లేదు. నీళ్ళు. నల్లగా, చప్పుడు లేకుండా కదులుతున్నాయి. రెండు ఒడ్లూ దగ్గరపడి అడుగున ప్రవాహం వడిగా ఉండే చోటు అది. అక్కడ ఎన్నడూ గట్టిగా గడ్డకట్టదు.

ఆ నీళ్ళకి సరిగ్గా అవతల, ఒడ్డున... లాంతరు.

హిల్కా రాడ్ దించింది.

రైమో నెత్తురు మింగుతూ చెప్పాడు. ముందు ఆమెని ఆపి కారుని తగలెయ్యాలనే తరిమాడట. లాంతరు ఎక్కడుందో చూశాక, ఆమెని నీళ్ళలో పడకుండా ఆపడం తప్ప ఇంకేమీ ఆలోచించలేదట. దారి కనిపించకపోతే ఆగుతుందనే లైట్లు ఆర్పాడట.

"ప్లేటు వేసింది నేనే," అన్నాడు. "కింద గాటు చూశాక ఒళ్ళు చల్లబడిపోయింది. నాకు ఊళ్ళో ఉన్న పేరుకి ఎవడు నమ్ముతాడు? ఆర్వో పోయింది నవంబర్లో. ఈ కారు నేను కొన్నది తర్వాత మార్చిలో. రేసులో. నువ్వు కొన్నట్టే కొన్నాను."

"ఎవరి దగ్గర?"

"ఇంకెవరి దగ్గర? ఆ లాంతరు పెట్టినవాడి దగ్గరే. సొట్ట కార్ల మధ్య సొట్ట కారు దాచాడు వాడు. ఆఖరున వస్తూ ఉంటే ఆ తుక్కుని ఎవడూ అడిగేవాడు కాదు. కానీ మంచు మీదకి ఎక్కితే వాడికి ఒళ్ళు తెలియదు కదా. గెలిచాడు. గెలిచిన కారుని నేను..."

తుపాకీ పేలింది.

రైమో గొంతు పక్క చీలిపోయింది. అతను ఆశ్చర్యంగా హిల్కా వైపు చూస్తూ పక్కకి ఒరిగాడు. మంచు మీద ఎరుపు వెడల్పుగా, ఆవిరి కక్కుతూ పాకింది.

నీళ్ళకి ఇవతలి రెల్లు దుబ్బుల్లోంచి నీలో నడిచి వస్తున్నాడు. చేతిలో దుప్పుల్ని వేటాడే రైఫిల్.

"నిన్ను చంపేసేవాడు," అన్నాడు. "దెబ్బలేమైనా తగిలాయా?"

హిల్కా తల తిప్పింది. నీళ్ళ వైపు చూసింది. లాంతరు వైపు చూసింది. అతని వైపు చూసింది.

నీలో నిట్టూర్చాడు. అబద్ధం ఆడే ఓపిక కూడా లేనట్టు బోల్టు లాగి రెండో తూటా ఎక్కించాడు.

ఇంకా తాపీగానే మాట్లాడాడు. కారుని నీళ్ళలోకి తోసేద్దామన్నాడు. రైమో తరిమాడు, నేను కాల్చాను, కారు మునిగిపోయింది, నువ్వు బతికావు. ఊరు నమ్ముతుంది. అలా వద్దంటే నువ్వూ కారులోనే ఉండిపోవాలి అన్నాడు.

హిల్కా బెల్టు విప్పుకుంది. దిగింది. 

"ఒక్కటి చెప్పు. ఆర్వో వెంటనే పోయాడా?"

నీలో రైఫిల్ దించాడు.

"లేదు. నేను దిగి చూశాను. కాసేపు పిలిచాడు."

"ఎవర్ని?"

"నిన్నే."

హిల్కా తలూపింది.

"న్యూట్రల్‌లో పెట్టి స్టీరింగ్ నేరుగా పట్టుకో," అన్నాడు నీలో. "బయట నిలబడే పట్టుకో. కదలగానే వదిలెయ్. నేర్పాను కదా, కంగారు పడకు."

రైఫిల్ వీపుకి తగిలించుకుని కారు వెనక్కి వెళ్ళాడు. డిక్కీకి భుజం ఆనించాడు. బూట్లు మంచులో తన్నిపెట్టాడు.

"ఊఁ."

హిల్కా ఊడిన తలుపులోంచి లోపలికి వంగింది. గేరు రాడ్ పట్టుకుంది.

న్యూట్రల్ కాదు.

రివర్స్.

స్టార్టర్ నొక్కింది!

సాబ్ ఒక్కసారిగా వెనక్కి ఎగిరింది. ఇంజను దగ్గి అంటుకుంది. నీలో కాళ్ళు మంచు మీద జారి కారు కిందకి పోయాయి. వెనక చక్రం అతని తొడ మీదకి ఎక్కింది. మేకులు గిర్రున తిరగలేదు, నిదానంగా దిగాయి. ఎముక ఎండు కొమ్మలా విరిగింది. రెండో కాలు మీద చక్రం నిలిచింది. ఇంజను ఆగిపోయింది.

అరుపు సరస్సంతా పాకింది.

తలుపు చట్రం తగిలి హిల్కా దూరంగా పడింది. పాక్కుంటూ లేచింది. నీలో చెయ్యి వీపు కింద ఇరుక్కున్న రైఫిల్ కోసం వెతుకుతోంది. ఆమె జాకీ రాడ్‌తో ఆ చేతి మీద కొట్టింది. వేళ్ళు చితికాయి. పటకా ఊడదీసి రైఫిల్ లాగి అవతల పెట్టింది.

తర్వాత రైమో దగ్గరికి వెళ్ళింది. కళ్ళు మూసింది.

ట్రాక్ వైపు నుంచి లైట్లు కదులుతున్నాయి. తుపాకీ చప్పుడు విన్నారు. వస్తున్నారు. కానీ దూరం.

నీలో ఏడుస్తున్నాడు. కారు ముందుకి కదిపితే చాలంటున్నాడు. ఒక్క బారెడు. కాలు పోతోందంటున్నాడు, చలి ఎక్కేస్తోందంటున్నాడు, ఆర్వో స్నేహితుణ్ణి అంటున్నాడు.

"హిల్కా... కారు తియ్యి... హిల్కా..."

ఆమె పికప్ బంపర్ మీద కూర్చుని హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పోలీసులు వచ్చేదాకా దాన్ని కదపకూడదు నీలో. సాక్ష్యం కదా."