పక్క సీటు

"టాప్ మోడల్ అంటగట్టడానికి మీకు మా నాన్నే దొరికాడా?"

పళ్ల డాక్టరమ్మ కోపానికి షోరూమంతా తల తిప్పి చూసింది. టై కట్టుకున్న సేల్స్ కుర్రాడు మాత్రం తల దించుకున్నాడు. కొన్ని వారాలుగా ప్రతి ఆదివారం ఇదే తంతు. ఎస్‌యూవీ ఒకటే, రకాలు మూడు: మామూలుది, లగ్జరీది, స్పోర్ట్‌ది. ఆమెకేమో మామూలుది చాలు. నాన్నేమో అన్నిటికంటే ఖరీదైన స్పోర్ట్‌ది తప్ప వద్దంటాడు.

జీవితమంతా బస్సు నడిపిన మనిషి. రిటైరయ్యాక మనసుపడి ఒక్క బండి అడిగితే, కాదనడానికి ఆమెకు నోరు రాలేదు. కానీ ఆయన చూపు తగ్గిపోతోందనీ, ఇక తిరిగి రాదనీ కళ్ల డాక్టరైన స్నేహితురాలు ఎప్పుడో చెప్పేసింది. ఆ సంగతి నాన్న కూతురి దగ్గర దాచాడు. తనకు తెలుసన్న సంగతి కూతురు నాన్న దగ్గర దాచింది. ఇంట్లో ఉన్నదే ఇద్దరు, ఇద్దరూ దొంగలే!

"పైకప్పంతా అద్దమైతే నాకేం లాభమయ్యా, చుక్కలు లెక్కపెట్టాలా?" అని నాన్న లగ్జరీదాన్ని నవ్వుతూ కొట్టిపారేశాడు. ఆ నవ్వు వినలేక ఆమె లేచింది. సేల్స్ కుర్రాణ్ణి బయటికి పిలిచింది. రేకుల కింద ఇద్దరే నిలబడ్డారు. చుట్టూ వాన.

"మా నాన్నకి చూపు ఆనడం లేదు. తెలుసా మీకు?"

"తెలుసండీ. ఎవరొచ్చినా ముందు రంగు అడుగుతారు. ఆయన ఇంతవరకూ అడగలేదు."

"తెలిసి కూడా ఆయన చేతికి స్టీరింగ్ ఇచ్చారా? అసలు మనిషేనా మీరు?"

"ఆయన స్టీరింగ్ ముట్టుకోలేదండీ. టెస్ట్ డ్రైవ్‌కి మీరొక్కసారీ రాలేదు. నడిపింది నేను. మూడింట్లోనూ ఆయన పక్క సీట్లోనే కూర్చున్నారు."

ఆమె షోరూమ్ అద్దంలోంచి నాన్న వైపు చూసింది.

"'నడిపేది మా అమ్మాయి. నాకు రోడ్డు కనపడకపోయినా ఒంటికి తెలియాలి. అలాంటి సీటు దేన్లో ఉందయ్యా?' అని అడిగారు. స్పోర్ట్‌దాని సీటు నడుముని పట్టి ఉంచుతుంది, కింద ప్రతి గతుకూ తెలుస్తుంది. మిగతా రెండూ ఆయనకి మరీ మెత్తన. మీతో చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. ఇదిగో, తప్పాను."

"నాకసలు డ్రైవింగే రాదు."

"తెలుసండీ. గేటు కథ కూడా చెప్పారు." అనేసి నాలిక కరుచుకున్నాడు.

ఎప్పుడో నేర్చుకోబోయి, మొదటి రోజే సొంత క్లినిక్ గేటును గుద్ది మానేసిన ఘనత ఆమెది. ఫక్కున నవ్వింది. ఆ నవ్వులోంచే ఏడుపు తన్నుకొచ్చింది. అతను కంగారుపడి జేబులన్నీ తడుముకుని, చివరికి బండి తుడిచే గుడ్డ అందించాడు.

"కొత్తదేనండీ."

ఆమె కళ్లు తుడుచుకుంది. "నేర్పిస్తారా?"

"మీ నాన్నగారు ముందే అడిగారు. బండి కొన్నా కొనకపోయినా వస్తానన్నాను."

"ఎందుకూ?"

అతను చూపు వాన వైపు తిప్పాడు. "నన్ను తిట్టడానికైనా మీరు వస్తారని ఆదివారం కోసం ఎదురుచూస్తున్నాను కాబట్టి."

ఆమె ఆ గుడ్డను మడిచి చేతిలోనే ఉంచుకుంది. లోపలికెళ్లి, స్పోర్ట్‌దాని పక్క సీట్లో కళ్లు మూసుకుని కూర్చున్న నాన్న దగ్గరికి వచ్చి, ఆ గేటు తర్వాత మొదటిసారి డ్రైవరు సీట్లో కూర్చుంది.

"ఇదే తీసుకుందాం నాన్నా."

ఆయన చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆమె చేతిని పట్టుకుంది. "తెలిసిపోయిందా తల్లీ?"

"ఎప్పుడో తెలుసు."

"నీకు తెలుసని నాకూ తెలుసులే."

వానలు వెళ్లేసరికి ఆమెకు బండి నడపడం చేతికొచ్చింది. నాన్న చూపు పూర్తిగా పోయింది. ప్రతి ఆదివారం నాన్న ముందు, నేర్పించే సేల్స్ కుర్రాడు వెనక. సీటు కింద గతుకులతో దారి పోల్చుకుని "గాభరాపడకమ్మా, మలుపొస్తోంది, కాలు తియ్యి" అని నాన్నే చెప్పేవాడు. ఆమె మాత్రం అద్దంలో వెనక సీటు వైపు అవసరానికి మించి చూసేది. నాన్నకు ఆ అద్దం కనిపించదు. అయినా చూపు పోయినంత మాత్రాన తండ్రికి కూతురు తెలియకుండా పోతుందా?

ఒక ఆదివారం ఆయన బండిని చేత్తో తడుముకుంటూ వచ్చి, ముందు డోరు దాటి వెనక డోరు తీశాడు.

"నాన్నా, అది వెనక డోరు!"

"బస్సు డ్రైవరుకి డోర్లు నేర్పుతావేంటే?"

"ఆ సీటు కోసమే కదా నాన్నా ఈ బండి కొన్నది!"

"ఇన్నాళ్లూ కూర్చున్నాను కదమ్మా. నువ్వు బాగా నడుపుతున్నావు, నాకింక బెంగలేదు." సర్దుకుని కూర్చుని బయటికి కేకేశాడు. "ఏమయ్యా అల్లుడూ, అలా నిలబడిపోయావేం? ముందు ఎక్కు. బయల్దేరదాం."